కన్నీటి గ్రంథిలో గడ్డ: ముక్క తీయాలా, మొత్తం తీయాలా?

అమ్మా, మీరు రాసినదంతా రెండుసార్లు చదివాను. మీ అన్నయ్యకు 38 ఏళ్లు. ఐదు నెలలుగా కుడి కంటి పై రెప్ప బయటి వైపు బరువుగా దిగిపోయింది. కన్ను కొంచెం కిందికి, ముక్కు వైపుకు జరిగింది. రాత్రిళ్లు కణత దగ్గర సలుపు, అక్కడే కాస్త మొద్దుబారినట్టు ఉండటం. మొదట చూసిన డాక్టరు వాపు అనుకుని స్టెరాయిడ్ మాత్రలు ఇస్తే పది రోజులు తగ్గింది, మానేశాక మళ్లీ వచ్చింది. తర్వాత సీటీ తీస్తే కన్నీటి గ్రంథిలో 2.4 సెంటీమీటర్ల గడ్డ ఉందనీ, పక్కనున్న ఎముక అంచు గరుకుగా ఉందనీ రిపోర్టు వచ్చింది. ఒక డాక్టరు ముక్క తీసి పరీక్షకు పంపాలన్నారు. ఇంకొకరు ముక్క తీయనే కూడదు, తీస్తే మొత్తం ఒకేసారి తీయాలన్నారు. ఎవరి మాట వినాలన్నది మీ ప్రశ్న.

ఇరవై రెండేళ్లుగా కంటి గుంటలోని గడ్డలకు ఆపరేషన్లు చేస్తున్నాను. ఆ ఇద్దరు డాక్టర్లు చెప్పినవీ మేం చదువుకున్న మాటలే. కాకపోతే అవి రెండు వేర్వేరు గడ్డల గురించి చెప్పిన మాటలు. మీ అన్నయ్యది ఆ రెండింటిలో దేనికి దగ్గరగా ఉందో ముందు తేల్చుకోవాలి. స్కాన్ ఫిల్ములు నా చేతిలో లేవు, మనిషిని చూడలేదు కాబట్టి రోగం పేరు చెప్పను. ఎలా ఆలోచించాలో మాత్రం చెబుతాను.

ముందుగా ఒక గందరగోళం తీర్చాలి. మీ బంధువు ఒకరు "కన్నీటి సంచి ఆపరేషన్ చిన్నదే, మా అత్తయ్యకూ చేశారు" అన్నారని రాశారు. అది వేరు, ఇది వేరు. కన్నీటి సంచి ముక్కు పక్కన ఉంటుంది, కన్నీళ్లు ముక్కులోకి దిగే దారి అది. కన్నీటి గ్రంథి దానికి సరిగ్గా ఎదురు మూల. కనుబొమ్మ బయటి చివర ఎముక అంచు మీద వేలు పెట్టి, కొంచెం లోపలికి తడిమితే దాని చోటు దొరుకుతుంది. సుమారు 2 సెంటీమీటర్ల పొడవుండే బాదం గింజ లాంటిది. మామూలుగా చేతికి తగలదు. అక్కడ గడ్డ పెరిగితే పైన, బయట ఎముకే కాబట్టి కంటిగుడ్డును కిందికి, లోపలికి నెడుతుంది. మీ అన్నయ్య కన్ను జరిగింది ఆ దిక్కుకే. థైరాయిడ్ వల్ల కన్ను ముందుకు వచ్చినప్పుడు సాధారణంగా పై రెప్ప పైకి లాగేసినట్టు ఉంటుంది, చూపు గుడ్లురిమినట్టు కనిపిస్తుంది. ఇక్కడ రెప్ప దిగింది. అందుకే సీటీ రాసిన డాక్టరు మంచి పని చేశారు.

ఈ గ్రంథి ఉబ్బిందంటే క్యాన్సరే అనుకోకండి. మా దగ్గరికి వచ్చే వాటిలో ఎక్కువ భాగం వాపు జబ్బులు, లింఫ్ కణాలకు సంబంధించిన జబ్బులు. గ్రంథి సొంత కణాల నుంచి పుట్టే కణుతులు వాటికంటే తక్కువ. వాపు జబ్బుల్లోనూ చాలా రకాలున్నాయి: గవదబిళ్లల వంటి వైరస్‌లు, సార్కాయిడోసిస్, ఐజీజీ4 జబ్బు (ఈ రెండూ ఒంటి రక్షణ వ్యవస్థ గతి తప్పి అవయవాలు వాచే జబ్బులు), మన దేశంలో మరచిపోకూడని టీబీ. ఒకసారి అరవై దాటిన రైతు ఒకాయన రెండు కళ్లూ వాచి, దవడ కింద గ్రంథులు కూడా ఉబ్బి వచ్చారు. ఇంట్లో వాళ్లు అప్పటికే ఆశ వదులుకుని ఉన్నారు. ముక్క పరీక్షలో ఐజీజీ4 జబ్బు అని తేలింది. మందులతోనే తగ్గింది. రెండు వైపులా ఒకేసారి ఉబ్బితే నేను మొదట ఇలాంటి ఒళ్లంతటికీ సంబంధించిన జబ్బుల గురించే ఆలోచిస్తాను. మీ అన్నయ్యకు ఒక్క వైపే కాబట్టి ఆ ధీమా ఇక్కడ పనికిరాదు.

ఇక "ముక్క తీయకూడదు" అన్న మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతాను. ప్లియోమార్ఫిక్ అడినోమా అనే కణుతి ఒకటుంది. క్యాన్సర్ కాదు. ఇరవైల నుంచి యాభైల వయసు వాళ్లలో ఎక్కువగా చూస్తాం. నెమ్మదిగా, నొప్పి లేకుండా, ఏడాదికి పైగా పెరుగుతుంది. చాలామంది పాత ఫొటోలు తిరగేసినప్పుడు గానీ కన్ను ఎప్పటి నుంచి కిందికి దిగిందో గమనించరు. (మీ ఇంట్లో ఉన్న పెళ్లి ఫొటోలు, ఆధార్ ఫొటో, పాత ఐడీ కార్డులు తీసి చూడండి. ఐదు నెలలు అనుకుంటున్నది నిజంగా ఐదు నెలలేనా, రెండేళ్లా అన్నది మాకు చాలా ముఖ్యం.) సీటీలో ఆ గడ్డ గుండ్రంగా, అంచులు నున్నగా ఉంటుంది. పక్కనున్న ఎముకను తినదు, ఒత్తి ఒత్తి గిన్నెలా లోతు చేస్తుంది.

దాని చుట్టూ పలుచటి పొర ఉంటుంది. పైకి నున్నగా కనిపించినా కణుతి సన్నని బుడిపెలుగా ఆ పొరలోకి చొచ్చుకుని ఉంటుంది. పొర చిరిగితే కణాలు చుట్టూ కొవ్వులో పడి, ఏళ్ల తర్వాత అక్కడక్కడా మొలుస్తాయి. అమెరికాలో రామన్ ఫాంట్, జాన్ గామెల్ అనే వైద్యులు 1978లో ఇచ్చిన లెక్క మా తరం అందరికీ గుర్తే: పొరతో సహా చెక్కుచెదరకుండా తీసిన వాళ్లలో ఐదేళ్లలో తిరిగి వచ్చింది 3 శాతం మందికి, ముందు కోసి ముక్క తీసిన వాళ్లలో 32 శాతం మందికి. అంతకంటే భయపెట్టేది ఏమిటంటే, తిరిగి వచ్చిన గడ్డలు కాలం గడిచే కొద్దీ క్యాన్సర్‌గా మారే అవకాశం పెరుగుతుంది.

నేను శిక్షణలో ఉన్న రోజుల్లో ఒక టీచరమ్మ వచ్చారు. పద్నాలుగేళ్ల కింద ఒక చిన్న ఆసుపత్రిలో కొవ్వుగడ్డ అనుకుని, రెప్ప మీద కోసి ముక్కలు ముక్కలుగా తీశారు. తీసినదాన్ని పరీక్షకు పంపలేదు. మా దగ్గరికి వచ్చేసరికి కంటి గుంటలో ద్రాక్ష గుత్తిలా చిన్న చిన్న గడ్డలు. వాటిలో ఒకటి అప్పటికే క్యాన్సర్‌గా మారింది. మొదటిసారి సరిగ్గా తీసి ఉంటే ఆ ఒక్క ఆపరేషన్‌తో ఆమె కథ ముగిసేది. ఆవిడ నన్ను "బాబూ" అని పిలిచి చెయ్యి పట్టుకున్న తీరు ఇప్పటికీ మనసులోంచి పోలేదు. అందుకే మీ రెండో డాక్టరు "ముక్క తీయకూడదు" అని గట్టిగా చెప్పడం వెనక ఎంత అనుభవం ఉండొచ్చో నాకు అర్థమవుతుంది. ఈ మధ్య కొందరు సర్జన్లు, సన్నని సూదితో జాగ్రత్తగా ముక్క తీసి ఆ దారినంతా తర్వాత ఆపరేషన్‌లో తీసేస్తే పెద్ద నష్టం లేదని చూపించారు. అయినా స్కాన్‌లో అచ్చం అడినోమాలా కనిపించే గడ్డ ఉంటే నేను మాత్రం ముక్క జోలికి వెళ్లను.

మరి "ముక్క తీయాలి" అన్న మాట? లండన్ మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రిలో జాన్ రైట్ బృందం 1970ల చివర్లో ఒక పద్ధతి చెప్పింది. ఇన్నేళ్లయినా మేం దాని చుట్టే తిరుగుతున్నాం. ఏడాదికి పైగా, నొప్పి లేకుండా, ఎముకను తినకుండా పెరిగితే అడినోమా అనుకుని మొత్తం తీయండి. ఏడాదిలోపే పెరిగినా, నొప్పి ఉన్నా, ఎముక చెడినా ముందు ముక్క తీసి చూడండి. ఈ రెండో జాబితాలో మేం ఎక్కువగా భయపడే పేరు అడినాయిడ్ సిస్టిక్ కార్సినోమా. గ్రంథి సొంత కణాల నుంచి పుట్టే క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది ఇదే. నలభై ఏళ్ల చుట్టుపక్కల వాళ్లకే కాదు, పదిహేను పదహారేళ్ల పిల్లలకు కూడా వస్తుంది. దీని గుణం నరాల వెంట పాకడం. నొప్పి, కణత మొద్దుబారడం అందుకే. నరం వెంట పాకుతూ కంటి గుంట వెనక నుంచి మెదడు అడుగు వరకూ వెళ్లగలదు.

ఇప్పుడు మీ అన్నయ్య సంగతి చూడండి. ఐదు నెలలు, రాత్రి సలుపు, కణత మొద్దుబారడం, ఎముక అంచు గరుకు. ఈ నాలుగూ నిజమే అయితే నా ఓటు ముక్క తీయాలన్న డాక్టరుకే: ముక్క పరీక్ష చేయించండి, అదీ వారాల్లోనే. వాపు జబ్బు కూడా నొప్పి పుట్టిస్తుంది, టీబీ కూడా ఎముకను తింటుంది. అలాంటిదేమైనా అయితే పెద్ద ఆపరేషన్ తప్పించేది కూడా ఆ ముక్కే. ఎముక అంచు గరుకు అన్న మాట మాత్రం ఫిల్ములు చూసి మళ్లీ నిర్ధారించుకోవాలి. రిపోర్టులో ఉన్న ఒక్క పదం మీద ఇంత పెద్ద నిర్ణయం ఆధారపడుతున్నప్పుడు కంటి గుంట జబ్బులు చూసే సర్జను స్వయంగా సీటీలో ఎముక స్పష్టంగా కనిపించే చిత్రాలు చూడాల్సిందే. దాంతో పాటు కాంట్రాస్ట్‌తో (గడ్డ స్పష్టంగా కనిపించేలా నరంలోకి మందు ఎక్కించి) ఎంఆర్ఐ కూడా అడగండి. ఎముక సంగతి సీటీ చెబుతుంది. నరాల వెంట, మెదడు వైపు ఏమైనా పాకిందా అన్నది ఎంఆర్ఐ చెబుతుంది. ఒకటి ఉంటే రెండోది అక్కర్లేదు అనుకోకూడదు.

స్టెరాయిడ్‌తో తగ్గింది కదా, మరి వాపే కదా అని మీ ఇంట్లో ఒక ఆశ ఉందని మీ ఉత్తరంలో తెలుస్తోంది. ఆ మాటను నమ్మొద్దు అని చెప్పడానికే ఈ సమాధానంలో సగం రాస్తున్నాను. లింఫోమా (లింఫ్ కణాల క్యాన్సర్) స్టెరాయిడ్‌తో కరిగినట్టే కరుగుతుంది, మళ్లీ వస్తుంది. క్యాన్సర్ చుట్టూ ఉండే వాపు కూడా తగ్గుతుంది, తగ్గినన్నాళ్లూ మనిషికి హాయిగా ఉంటుంది, లోపల గడ్డ తన పని తాను చేసుకుపోతూ ఉంటుంది. పైగా స్టెరాయిడ్ మీద ఉండగా తీసిన ముక్కలో, దాన్ని మైక్రోస్కోపు కింద చూసే పాథాలజిస్టుకు సరైన కణాలు కనిపించకపోవచ్చు. కాబట్టి జబ్బేమిటో తేలేదాకా మళ్లీ ఆ మాత్రలు మొదలుపెట్టనివ్వకండి. ఇప్పటికే వాడుతున్న వాళ్లెవరైనా ఇది చదివితే మాత్రం ఒక్కసారిగా మానేయకండి. అది వేరే ప్రమాదం. డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి.

ముక్క తీసేది ఎలా అన్నది మీరు అడగలేదు గానీ, అడగాల్సిన విషయం. ఈ గ్రంథికి రెండు భాగాలు: లోపల పెద్దది, రెప్ప వైపు చిన్నది. పెద్ద భాగంలో తయారైన కన్నీళ్లు డజనుకు అటూ ఇటూ ఉండే సన్నని నాళాల ద్వారా చిన్న భాగం గుండానే బయటికి వస్తాయి. రెప్ప ఎత్తితే ఎదురుగా కనిపించేది ఆ చిన్న భాగమే కాబట్టి కొత్తవాళ్లు తేలిగ్గా అక్కడి నుంచే ముక్క తీస్తారు. నాళాలు తెగి కన్ను ఎండిపోతుంది, ఒక్కోసారి లోపలున్న అసలు గడ్డ ముక్కలోకి రానే రాదు. సాధారణంగా రెప్ప మడతలో కోసి, లోపలి భాగం నుంచి తీయాలి. ఆ దారి తర్వాతి ఆపరేషన్‌లో మొత్తం తీసేయగలిగేలా ఉండాలి. ముక్కను అంతా ఫార్మలిన్‌లో (చెడకుండా ఉంచే ద్రావణంలో) వేసేస్తే లింఫోమాకు చేసే కొన్ని పరీక్షలు కుదరవు. కొంత భాగం ఫ్రెష్‌గా పంపమని, టీబీ పరీక్షకు కూడా కొంత ఉంచమని ముందే మాట్లాడుకోవాలి. ఇవన్నీ రోగి ఇంటివాళ్లు చెప్పాల్సినవి కావు, నిజమే. అయినా "లింఫోమాకు, టీబీకి కూడా పంపుతున్నారా సార్?" అని ఒక్క మాట అడిగితే ఎవరూ నొచ్చుకోరు.

రిపోర్టు వచ్చాక దారి మారుతుంది. టీబీ అయితే టీబీ మందులు. వాపు జబ్బు, ఐజీజీ4 అయితే అప్పుడు స్టెరాయిడ్, దానితో పాటు అవసరమైన వేరే మందులు. లింఫోమా పేరు వినగానే కుంగిపోకండి. ఇక్కడ వచ్చేవి ఎక్కువగా నెమ్మది రకాలు. ఒళ్లంతా స్కాన్ చేసి, ఇంకెక్కడా లేకపోతే చాలామందికి రేడియేషన్ ఒక్కటే సరిపోతుంది. మామూలుగా 12 సిట్టింగుల్లో 24 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత), కొందరికి 2 సిట్టింగుల్లో 4 గ్రేలతో కూడా తగ్గుతుంది. లింఫోమాకు గ్రంథిని తవ్వి తీయాల్సిన పనే లేదు. ముక్క ముందు తీయాలనడానికి ఇదీ ఒక కారణం.

అడినోమా అని తేలితే, లేదా ముక్క లేకుండానే అంత స్పష్టంగా ఉంటే, కంటి బయటి అంచు నుంచి ఎముకలో చిన్న కిటికీ తెరిచి గడ్డను పొరతో సహా తీస్తారు. కణత వైపు నుంచి ఎముక తెరిచే ఈ దారిని 1880ల చివర్లో క్రోన్లీన్ అనే స్విస్ సర్జన్ చూపించారు. ఎన్నో మార్పులతో ఇప్పటికీ వాడుతున్నాం. ఎముకను మళ్లీ చోటులో పెట్టి ప్లేట్లతో బిగిస్తారు. మచ్చ పెద్దగా కనిపించదు.

అడినాయిడ్ సిస్టిక్ అయితే మాట్లాడుకోవాల్సింది ఎక్కువ. ఒకప్పుడు దీనికి కంటి గుంటలోని అంతా, చూపున్న కన్నుతో సహా, తీసేసేవాళ్లు. ఎక్సెంటరేషన్ అంటాం. అంత చేసినా చాలామందికి ఏళ్ల తర్వాత ఊపిరితిత్తుల్లో బయటపడేది. కాబట్టి ఇప్పుడు గడ్డ మరీ పెద్దది కాకపోతే, కన్నుకు అంటుకోకపోతే, కన్ను ఉంచి గడ్డ తీసి, తర్వాత 60 గ్రేలకు దగ్గరగా రేడియేషన్ ఇచ్చే పద్ధతి వైపు చాలామంది మళ్లారు. అలా ఎంచి చేసిన వాళ్లలో కన్ను తీయకపోవడం వల్ల ఆయుష్షు తగ్గినట్టు కనిపించలేదు. మయామీలోని బాస్కమ్ పామర్ సంస్థలో డేవిడ్ ట్సే బృందం కన్నీటి గ్రంథికి వెళ్లే రక్తనాళం ద్వారానే కీమో మందు పంపి, గడ్డ తగ్గాక ఆపరేషన్ చేసే పద్ధతిని అభివృద్ధి చేసింది. అది అన్ని చోట్లా దొరకదు, అందరికీ తగినదీ కాదు. ప్రోటాన్ రేడియేషన్ చెన్నైలో, నవీ ముంబైలో ఉంది. అవసరమా కాదా అన్నది రేడియేషన్ డాక్టరు లెక్క వేసి చెప్పాలి. అది లేకపోయినా మామూలు యంత్రాలతో మంచి చికిత్సే అందుతుంది.

పాథాలజీ రిపోర్టులో ఆ క్యాన్సర్ ఏ తీరులో ఉందో కూడా రాస్తారు. చిల్లులు చిల్లులుగా జల్లెడలా కనిపించేది ఒకటి, గట్టి ముద్దలుగా కనిపించేది ఒకటి. గట్టి ముద్దల తీరు ఎక్కువగా ఉంటే అది మొండిది. నరాల వెంట పాకిందా, తీసిన అంచుల్లో కణాలు మిగిలాయా అన్న రెండు విషయాలు కూడా చూడండి. ఈ జబ్బుకు ఐదేళ్లు దాటితే గండం గడిచినట్టు కాదు. పదేళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తుల్లో కనిపించిన సందర్భాలున్నాయి, కాబట్టి ఛాతీ స్కాన్ ఏళ్ల తరబడి చేయిస్తూనే ఉండాలి.

గ్రంథి తీసేస్తే ఇక కన్నీళ్లు రావా అని అడిగారు. పూర్తిగా ఆగిపోవు. రెప్పల లోపల చిన్న చిన్న గ్రంథులు ఉంటాయి, రోజంతా కంటిని తడిగా ఉంచే పని అవీ చేస్తాయి. ఏడ్చినప్పుడు ఆ వైపు ధారగా రాదు. ఆపరేషన్ ఒక్కటే అయితే చాలామందికి చుక్కల మందుతో గడిచిపోతుంది. రేడియేషన్ కూడా తోడైతే పొడిదనం ఎక్కువ, కొందరికి చూపు మీద కూడా దెబ్బ పడుతుంది. రెప్ప కొంత దిగడం, కొన్నాళ్లు రెండుగా కనిపించడం ఉండొచ్చు. ఇవి ముందే తెలిసి ఉంటే తర్వాత టెన్షన్ తగ్గుతుంది.

ఎక్కడికి వెళ్లాలన్నది: మామూలు శుక్లాల ఆపరేషన్లు చేసే కంటి డాక్టరు దగ్గర ఇది ఆగకూడదు. కంటి గుంట, కంటి క్యాన్సర్ విభాగం ఉన్న చోటికి వెళ్లండి. హైదరాబాద్ ఎల్వీ ప్రసాద్ కంటి వైద్య సంస్థలో, చెన్నై శంకర నేత్రాలయలో, ఢిల్లీ ఎయిమ్స్‌లో అలాంటి విభాగాలున్నాయి. రేడియేషన్, కీమో అవసరమైతే హైదరాబాద్‌లో ప్రభుత్వ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. ఖర్చు గురించి భయపడి ఆలస్యం చేయకండి. కార్డు ఉంటే ఆసుపత్రిలో ఉండే ఆరోగ్యమిత్రను కలిసి, మీ అన్నయ్యకు రాసిన చికిత్స ఆరోగ్యశ్రీ కింద వస్తుందో లేదో మొదటి రోజే అడగండి.

వెళ్లేటప్పుడు సీటీ రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, సీడీ కూడా పట్టుకెళ్లండి. స్టెరాయిడ్ ఎన్ని మిల్లీగ్రాములు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వాడారో రాసుకోండి. పాత ఫొటోలు ఫోన్‌లో పెట్టుకోండి. మీ అన్నయ్యకు ఇంతకుముందు టీబీ వచ్చిందా, ఇంట్లో ఎవరికైనా ఉందా, బరువు తగ్గారా, సాయంత్రం జ్వరం వస్తోందా అన్నది చెప్పండి. ముక్క పరీక్ష జరిగితే ఆ ముక్కను భద్రపరిచిన మైనపు బ్లాకులు, స్లైడ్లు ఆసుపత్రిలో ఉంటాయి. రెండో అభిప్రాయానికి వేరే పాథాలజిస్టు దగ్గరికి తీసుకెళ్లడానికి అడిగి తీసుకోవచ్చు. ఈ గ్రంథి క్యాన్సర్లు చాలా అరుదు కాబట్టి వాటిని తరచుగా చూసే కంటి పాథాలజిస్టుతో ఒకసారి చూపించడం మంచిది. ఎంఆర్ఐ, ముక్క పరీక్ష ఫలితం వచ్చాక అందులో రాసిన మాటలు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ రాయండి, చదివి అర్థం చెబుతాను. ఈలోపు కుడి కన్ను చూపు మసకబారినా, రంగులు వెలిసిపోయినట్టు కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు ఎమర్జెన్సీకి తీసుకెళ్లండి.